బార్సిలోనా సామి



ప్రతి సంవత్సరం మన సంచికలో ఒక ప్రముఖుని జీవిత చరిత్ర వేయడం ఆనవాయితీ. ఈసారి ఆ పేజీలు ఆటల కమిటీ పిల్లలమైన మాకు ఇచ్చారు. మేము ఎంచుకున్న మనిషి శాస్త్రవేత్త కాదు, కవి కాదు, నాయకుడూ కాదు. ఆయన ఒక ఫుట్‌బాల్ ఆటగాడు. స్పెయిన్ దేశస్థుడు. చనిపోయి యాభై ఏళ్ళు దాటింది. పేరు జోసెప్ సమితియేర్. ఆయననే ఎందుకు ఎంచుకున్నామో ముందుగా చెప్పుకోవాలి.

కిందటి సంవత్సరం జోనల్ పోటీల్లో మా మీద ఆడిన జట్టులో ఒక అబ్బాయి ఉన్నాడు. అతడు నాలుగేళ్ళు మా హాస్టల్లోనే ఉన్నాడు. మాతో ఒకే వరుసలో కంచం పట్టుకుని నిలబడ్డాడు. మా జట్టులో నడిమి భాగం అంతా అతనిదే. ఆటల కోటాలో వేరేచోట సీటు వచ్చి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఎదుటి జట్టు బనీను వేసుకుని మైదానంలోకి వచ్చేసరికి మేము ఈలలు వేశాం, వెక్కిరించాం. ఆట అయ్యాక మా దగ్గరకు వచ్చి పలకరిస్తే ముఖం తిప్పుకున్నాం. ఆ రాత్రి స్టడీ అవర్లో ఎవరికీ పుస్తకం మీద మనసు నిలవలేదు. మేము చేసింది తప్పా, ఒప్పా అని మాలో మాకే వాదన వచ్చింది.

ఆ వాదన తేలకుండానే సంచిక పని మొదలైంది. పెడ్రి గురించి రాద్దామని కొందరు, ఇనియెస్టా గురించి రాద్దామని కొందరు అన్నారు. అయితే బతికి ఉన్నవారి గురించి కాకుండా గతించినవారి గురించి రాయడం ఈ పేజీకి నియమం. అలా వెనక్కి వెనక్కి వెతుకుతూ పోతే వంద సంవత్సరాల వెనుక సమితియేర్ కనిపించాడు. ఆయన జీవితం చదివాక మా వాదనకు జవాబు దొరికినట్లు అనిపించింది. అందుకే ఈ వ్యాసం.

చేతి గడియారం, మూడు ముక్కల సూటు

సమితియేర్ 1902 ఫిబ్రవరి 2న బార్సిలోనా నగరంలో జన్మించారు. స్పెయిన్ దేశానికి ఈశాన్యాన, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న కాటలోనియా ప్రాంతానికి అది ముఖ్యపట్టణం. అక్కడివారి మాతృభాష కాటలాన్. దేశ రాజధాని మాడ్రిడ్‌లో మాట్లాడేది స్పానిష్. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు ముందు కథలో దీనితో పని ఉంది.

ఆయన పుట్టడానికి మూడేళ్ళ ముందే, 1899 నవంబరు 29న ఆ ఊరిలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఏర్పడింది. స్థాపించినవాడు జోన్ గాంపర్ అనే స్విట్జర్లాండ్ యువకుడు. పరాయి దేశం నుంచి వచ్చి, తనతో ఆడేవాళ్ళు కావాలని పత్రికలో ప్రకటన వేయించి జట్టును కూడగట్టుకున్నాడు. ఈనాడు ప్రపంచమంతా బార్సా అని పిలుచుకునే జట్టు ఇదే. అంటే ఆ జట్టు పునాదిరాయే బయటినుంచి వచ్చిన మనిషి వేసింది.

సమితియేర్ 1919లో, పదిహేడేళ్ళ వయసులో ఆ జట్టులో చేరారు. అప్పటికి స్పెయిన్‌లో ఆటకు జీతం ఇవ్వడం చట్టబద్ధం కాదు. అందుకని క్లబ్బువారు ఆయనకు రెండు బహుమానాలు ఇచ్చారట. ఒకటి చీకట్లో మెరిసే అంకెలున్న చేతి గడియారం. రెండోది కోటు, వెయిస్టుకోటు, ప్యాంటు కలిసిన మూడు ముక్కల సూటు. ఈ సంగతి చదివినప్పుడు మాకు మా మొదటి రోజు గుర్తుకొచ్చింది. హాస్టల్లో చేరినప్పుడు ట్రంకు పెట్టె, దుప్పటి, రెండు జతల బట్టలు చేతికి అందితే ఎంత గొప్పగా అనిపించిందో మనందరికీ తెలుసు. ఆ గడియారాన్ని రాత్రిపూట దుప్పటి కింద పెట్టుకుని ఆయన ఎన్నిసార్లు చూసుకుని ఉంటాడో అని మేము నవ్వుకున్నాం.

ఒలింపిక్ వెండి పతకం

చేరిన మరుసటి ఏడాదే పెద్ద అవకాశం వచ్చింది. 1920లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ నగరంలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి రెండేళ్ళే అయింది. మన దేశం తరఫున దొరాబ్జీ టాటా చొరవతో ఒక క్రీడాకారుల బృందం వెళ్ళింది కూడా ఆ ఒలింపిక్స్‌కే. స్పెయిన్ దేశం తన జాతీయ ఫుట్‌బాల్ జట్టును మొట్టమొదటిసారిగా అక్కడే బరిలోకి దింపింది.

1920 ఆగస్టు 28న డెన్మార్క్‌తో ఆడిన ఆ తొలి మ్యాచ్‌లో సమితియేర్ ఉన్నారు. వయసు పద్దెనిమిది. గోల్‌కీపరుగా ఆయన స్నేహితుడు రికార్డో జమోరా ఉన్నారు. స్పెయిన్ 1-0తో గెలిచింది. తరువాత బెల్జియం చేతిలో 3-1తో ఓడిపోయింది. ఫైనల్లో బెల్జియంతో తలపడిన చెకోస్లోవేకియా జట్టు రిఫరీ తీరుపై అలిగి మధ్యలోనే మైదానం విడిచి వెళ్ళిపోవడంతో దానిని పోటీ నుంచి తొలగించారు. రెండో స్థానం కోసం మళ్ళీ మ్యాచ్‌లు జరిగాయి. స్పెయిన్ స్వీడన్‌ను, ఇటలీని, చివరికి నెదర్లాండ్స్‌ను 3-1తో ఓడించి వెండి పతకం సాధించింది. ఒకసారి ఓడిన జట్టు కూడా తరువాతి మ్యాచ్ ఆడటానికి ఓపికగా నిలబడితే పతకం దాకా వెళ్ళవచ్చునన్నమాట.

నడిమి ఆటగాడు

ఆనాటి ఆటకూ ఈనాటి ఆటకూ తేడా ఉంది. అప్పుడు వెనుక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు నిలబడేవారు. మధ్యలోని ముగ్గురిని హాఫ్‌లు అనేవారు. నేటి మిడ్‌ఫీల్డర్లకు వాళ్ళే తాతలు. సమితియేర్ మొదట ఆ వరుసలోనే ఆడారు. వెనుక నుంచి బంతి అందుకుని, ముందున్నవారికి అందించి, అంతటితో ఆగకుండా తానే గోలు దాకా పరుగెత్తడం ఆయన పద్ధతి. తరువాతి కాలంలో ముందు వరుసకు మారినా, ఆటను నడిమి నుంచి నడిపే అలవాటు పోలేదు. స్నేహపూర్వక మ్యాచ్‌లతో కలిపి లెక్కిస్తే బార్సిలోనా తరఫున ఆయన కొట్టిన గోల్స్ మూడు వందలు దాటతాయి.

గాలిలోకి ఎగిరి, కాళ్ళు కత్తెరలా తిప్పి బంతిని తన్నడంలో ఆయన దిట్ట. అందువల్ల అభిమానులు ఆయనకు మిడత మనిషి అని పేరు పెట్టారు. కాటలాన్ భాషలో మిడతకూ సముద్రపు పెద్ద రొయ్యకూ ఒకే మాట వాడతారు. అందుచేత కొన్ని పుస్తకాల్లో ఆయనను రొయ్య మనిషి అని కూడా రాశారు. ముద్దుపేరు మాత్రం సామి. సమితియేర్‌ను కుదించి అలా పిలిచేవారు. మన ఊళ్ళలో పెద్దవాళ్ళను గౌరవంగా సామీ అని పిలిచే పిలుపుకూ దీనికీ సంబంధం లేకపోయినా, ఈ పేరు వినగానే ఆయన మా మనిషి అయిపోయాడు. ఇకమీదట మేము కూడా సామి అనే రాస్తాం.

సామి ఉన్న జట్టులో ఒక ఆసియా ఆటగాడు ఉండేవాడని తెలిసి మేము ఆశ్చర్యపోయాం. ఆయన పాలినో అల్‌కాంతరా. ఫిలిప్పీన్స్ దీవుల్లోని ఇలోయిలోలో 1896లో పుట్టారు. తల్లి ఫిలిప్పీన్స్ మహిళ, తండ్రి స్పెయిన్ సైనికాధికారి. వైద్య విద్య చదువుతూనే ఆడేవారు. పరీక్షలు ఉన్నాయని 1920 ఒలింపిక్స్‌కే వెళ్ళలేదు. చివరికి 1927లో ఆట మానేసి డాక్టరుగా స్థిరపడ్డారు. ఆటలాడితే చదువు చెడిపోతుందని మన ఇళ్ళలో అంటుంటారు కదా. వాళ్ళకు ఈయన సంగతి చెప్పవచ్చు.

ఆటకు ఒక వెల

ఇంగ్లండుకు చెందిన జాక్ గ్రీన్‌వెల్ శిక్షణలో ఆ జట్టు వెలిగిపోయింది. 1920, 1922, 1925, 1926, 1928 సంవత్సరాల్లో స్పెయిన్ కప్పు గెలిచింది. ఈ ఐదుసార్లూ సామి ఆ క్లబ్బులో ఉన్నారు. 1929లో మొదటిసారిగా పది జట్లతో స్పెయిన్ లీగ్ ప్రారంభమైతే, దాని తొలి విజేత కూడా బార్సిలోనాయే.

ఆట చూడటానికి వచ్చే జనం పెరిగిపోయారు. ఆరు వేలమంది పట్టే పాత మైదానం చాలలేదు. 1922 మే 20న లెస్ కోర్ట్స్ అనే కొత్త స్టేడియం ప్రారంభించారు. మొదట్లోనే అందులో ఇరవై వేలమందికి పైగా కూర్చునే వీలు కల్పించారు. సామి ఆట, జమోరా గోల్‌కీపింగ్ చూడాలన్న జనం తాకిడే అంత పెద్ద స్టేడియం కట్టించిందంటారు.

టికెట్ల డబ్బు క్లబ్బుకు వస్తున్నప్పుడు, ఆ డబ్బు తెచ్చిపెట్టే ఆటగాడికి గడియారమూ సూటూ సరిపోతాయా? సామి సరిపోవన్నారు. తన చెమటకు తగిన వెల అడిగారు. 1925 నాటికి స్పెయిన్‌లో అందరికంటే ఎక్కువ జీతం తీసుకునే ఆటగాడు ఆయనే. మరుసటి ఏడాది, 1926లో ఆటను వృత్తిగా చేసుకోవడానికి అధికారికంగా అనుమతి లభించింది. డబ్బు కోసం ఆడతాడని ఆయనను తప్పుపట్టినవాళ్ళు లేకపోలేదు. కూలికి వెళ్ళే అమ్మానాన్నల పిల్లలుగా మేము ఒక మాట చెప్పగలం. పనికి కూలి అడగడం అత్యాశ కాదు.

కీర్తితోపాటు గొప్పవారి స్నేహాలు వచ్చాయి. చిత్రకారుడు సాల్వడార్ డాలీ ఆయనకు మిత్రుడు. అర్జెంటీనా టాంగో గాయకుడు కార్లోస్ గార్డెల్ మరో మిత్రుడు. గార్డెల్ పాడిన ఒక పాటలో సామి పేరు కూడా వస్తుంది. 1928 కప్పు ఫైనల్ కథ అయితే మేము రెండుసార్లు చదివాం. సాంటాండెర్ పట్టణంలో రియల్ సొసియెదాద్ జట్టుతో పోటీ. బార్సిలోనా గోల్‌కీపరు, హంగేరీ దేశస్థుడు ప్లాట్‌కో తలకు గాయమైంది. కట్టు కట్టించుకుని మళ్ళీ వచ్చి గోల్ ముందు నిలబడ్డాడు. ఆ మ్యాచ్ 1-1తో సమం. రెండు రోజులకు మళ్ళీ ఆడితే మళ్ళీ 1-1. చివరికి జూన్ 29న మూడోసారి ఆడి 3-1తో బార్సిలోనా గెలిచింది. ప్లాట్‌కో ధైర్యం మీద రఫాయెల్ అల్‌బెర్తీ అనే కవి ఒక పద్యం రాశాడు.

మూతపడిన మైదానం

1923లో సైనికాధికారి ప్రీమో దె రివేరా స్పెయిన్‌లో అధికారం చేజిక్కించుకున్నాడు. కాటలాన్ భాషపైనా, ఆ ప్రాంతపు జెండాపైనా ఆంక్షలు పెట్టాడు. 1925 జూన్ 14న లెస్ కోర్ట్స్‌లో ఒక మ్యాచ్ సందర్భంగా బ్యాండువారు స్పెయిన్ రాజగీతం వాయించినప్పుడు ప్రేక్షకులు ఈలలు వేసి నిరసన తెలిపారు. దానికి శిక్షగా ప్రభుత్వం స్టేడియాన్ని ఆరు నెలలపాటు మూసివేయాలని ఆజ్ఞాపించింది. తరువాత దానిని మూడు నెలలకు తగ్గించారు. క్లబ్బును పెంచి పోషించిన గాంపర్ అధ్యక్ష పదవి వదులుకుని దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. ఆనాటి నుంచి బార్సిలోనావారికి ఆ జట్టు వట్టి ఆటల జట్టుగా మిగలలేదు. తమ భాషకూ, ఆత్మగౌరవానికీ గుర్తుగా మారింది. రాజధానిలోని మాడ్రిడ్ జట్టుతో పోటీ అంటే ఊరి పరువుకు సంబంధించిన విషయం అయిపోయింది.

ఎదుటి జట్టు బనీను

ఇక మా వాదనకు సంబంధించిన ఘట్టం. ముప్పై ఏళ్ళు దాటాక సామికీ క్లబ్బు పెద్దలకూ పొసగలేదు. జట్టులో ఆయన స్థానం తగ్గించారు. అభిప్రాయ భేదాలు ముదిరాయి. చివరకు 1932-33 సీజన్ నడుస్తుండగానే ఆయన బార్సిలోనా విడిచి మాడ్రిడ్ జట్టులో చేరిపోయారు. పదమూడేళ్ళు తమ భుజాల మీద మోసిన ఆటగాడు అవతలి జట్టు బనీను వేసుకుంటే ఆ అభిమానుల గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో మాకు తెలుసు. ఆ సంవత్సరం లీగ్ కూడా మాడ్రిడ్‌దే అయింది.

మాడ్రిడ్‌లో ఎక్కువ కాలం ఆడలేదు. 1936లో అదే నగరంలోని మరో జట్టు అట్లెటికోకు కొద్ది నెలలు శిక్షకుడిగా ఉన్నారు. ఆ ఏడాది ఆ జట్టు కింది డివిజన్‌కు పడిపోయింది. అంటే సామి పట్టిందల్లా బంగారం కాలేదు. ఓటమి కూడా ఆయన ఖాతాలో ఉంది.

ఊరు విడిచి

1936 జూలైలో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. ఎన్నికైన ప్రభుత్వం మీద సైన్యంలో ఒక భాగం తిరగబడింది. తిరుగుబాటుకు తరువాత నాయకుడైనవాడు జనరల్ ఫ్రాంకో. దేశం రెండుగా చీలింది. ఆగస్టులో బార్సిలోనా క్లబ్బు అధ్యక్షుడు జోసెప్ సున్యోల్‌ను ఫ్రాంకో పక్షపు సైనికులు కాల్చి చంపారు. మరోవైపు సామిని బార్సిలోనాలో అరాచకవాద దళాలు నిర్బంధించాయి. విడుదలయ్యాక ఆయన ఫ్రాన్సుకు వెళ్ళిపోయారు. గోల్‌కీపరు జమోరా మాడ్రిడ్‌లో జైలుపాలయ్యాడు. అతడిని చంపేశారన్న పుకార్లు కూడా వ్యాపించాయి. చివరికి అతడూ బయటపడి ఫ్రాన్సు చేరాడు.

పదహారేళ్ళ కిందట ఒలింపిక్ పతకం కోసం కలిసి ఆడిన ఆ ఇద్దరు స్నేహితులు ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో మళ్ళీ కలుసుకున్నారు. నీస్ క్లబ్బు ఇద్దరికీ చోటిచ్చింది. పరాయి దేశంలో, తెలియని భాషలో, వయసు మీద పడుతున్న కాళ్ళతో సామి మరి కొన్నేళ్ళు ఆడి 1939లో ఆట విరమించారు. అదే ఏడాది స్పెయిన్‌లో యుద్ధం ముగిసి ఫ్రాంకో నియంతగా గద్దెనెక్కాడు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఫ్రాంకో పాలనలో కాటలాన్ భాషను బడుల్లో, కార్యాలయాల్లో నిషేధించారు. బార్సిలోనా క్లబ్బు పేరును కూడా స్పానిష్ పద్ధతిలోకి మార్పించారు. అటువంటి పాలకుడితో సామికి మంచి పరిచయం, సాన్నిహిత్యం ఉండేవి. తన ఊరి భాష నోరు నొక్కినవాడితో స్నేహం ఏమిటని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. జీవిత చరిత్ర అంటే మంచి మాత్రమే ఏరి రాసేది కాదని మా తెలుగు సారు చెప్పారు. అందుకే రాస్తున్నాం.

తిరిగి సొంత గూటికి

1944లో బార్సిలోనా క్లబ్బు సామిని శిక్షకుడిగా పిలిచింది. అలిగి ఎదుటి జట్టుకు వెళ్ళిన మనిషిని, పన్నెండేళ్ళ తరువాత, తమ జట్టు బాధ్యత చేపట్టమని పిలవడం చిన్న విషయం కాదు. ఆయన వచ్చారు. 1944-45లో బార్సిలోనా లీగ్ గెలిచింది. 1929లో ఆయన ఆటగాడిగా గెలిచిన తరువాత పదహారేళ్ళకు మళ్ళీ వచ్చిన లీగ్ అది. 1947 వరకు శిక్షకుడిగా ఉండి, ఆ తరువాత కొత్త ఆటగాళ్ళను వెతికి తెచ్చే పనికి మారారు.

ఆయన చేసిన అతి గొప్ప పని ఈ దశలోనే జరిగింది. హంగేరీలో లాడిస్లావ్ కుబాలా అనే ఆటగాడు ఉండేవాడు. 1927లో బుడాపెస్ట్‌లో పుట్టాడు. 1949 జనవరిలో అక్కడి పాలన నుంచి తప్పించుకోవడానికి, రష్యన్ సైనికుడి వేషంలో లారీ ఎక్కి సరిహద్దు దాటాడు. పారిపోయి వచ్చాడని హంగేరీ సంఘం ఫిర్యాదు చేస్తే అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య అతడి ఆటపై నిషేధం పెట్టింది. ఇటలీలోని శరణార్థుల మధ్య, తనలాగే దేశం వదిలి వచ్చినవారితో హంగేరియా అనే జట్టు కట్టి, పొట్టకూటికోసం ఊరూరా తిరుగుతూ ఆడేవాడు. ఆ జట్టుకు శిక్షకుడు కుబాలా భార్యకు అన్న అయిన ఫెర్డినాండ్ డౌచిక్.

1950లో ఆ జట్టు స్పెయిన్ వచ్చింది. మాడ్రిడ్ క్లబ్బువారు కుబాలాను చూసి ముచ్చటపడ్డారు. తనతోపాటు డౌచిక్‌కు కూడా పని ఇవ్వాలని కుబాలా పట్టుబట్టడంతో అక్కడ బేరం కుదరలేదు. సామి వెంటనే రంగంలోకి దిగారు. ఇద్దరికీ చోటిస్తామన్నారు. 1950 జూన్ 15న కుబాలా బార్సిలోనా ఒప్పందంపై సంతకం చేశాడు. నిషేధం ఉంది, చేతిలో సరైన కాగితాలు లేవు, ఎప్పుడు ఆడగలడో తెలియదు. అయినా తీసుకున్నారు. దాదాపు ఏడాదిపాటు ఆ కాగితాల కోసం తిరగవలసి వచ్చింది. చివరికి 1951 ఏప్రిల్‌లో కుబాలా అధికారిక మ్యాచ్‌లో దిగాడు. ఆ ఏడాదే అతడికి స్పెయిన్ పౌరసత్వం వచ్చింది.

ఆ తరువాతిది చరిత్ర. 1951-52 సీజన్‌లో బార్సిలోనా లీగు, కప్పులతో కలిపి ఐదు బహుమతులు గెలిచింది. డౌచిక్ శిక్షకుడు. ఒకే లీగ్ మ్యాచ్‌లో కుబాలా ఏడు గోల్స్ కొట్టిన రోజు కూడా ఉంది. అతడి ఆట చూడటానికి వచ్చే జనానికి లెస్ కోర్ట్స్ కూడా చాలలేదు. క్యాంప్ నౌ అనే మహా స్టేడియం కట్టడానికి అదొక కారణం. 1957 సెప్టెంబరు 24న అది ప్రారంభమైంది. 2009లో ఆ స్టేడియం దగ్గర కుబాలా విగ్రహం నిలబెట్టారు.

1955లో కుబాలా పారిపోయి వచ్చిన కథను సినిమాగా తీశారు. అందులో కుబాలా, సామి తమ పాత్రల్లో తామే నటించారు. సామి ప్రయత్నాలన్నీ ఫలించాయని కాదు. 1953లో అర్జెంటీనా ఆటగాడు డి స్టెఫానోను బార్సిలోనాకు తేవాలని క్లబ్బుతోపాటు ఆయన కూడా ఎంతో ప్రయత్నించారు. రెండు క్లబ్బుల మధ్య పెద్ద వివాదం రేగింది. చెరొక సీజన్ చొప్పున పంచుకోమని తీర్పు వచ్చింది. బార్సిలోనా అధ్యక్షుడు రాజీనామా చేశాడు, క్లబ్బు తన హక్కు వదులుకుంది. డి స్టెఫానో మాడ్రిడ్‌కు వెళ్ళి ఆ జట్టును ఐరోపాలోనే మేటిగా నిలిపాడు.

సామి 1972 మే 4న, డెబ్బై ఏళ్ళ వయసులో బార్సిలోనాలోనే కన్నుమూశారు. ఒకప్పుడు తమను వదిలి వెళ్ళాడని అలిగిన నగరమే ఆయనకు ఘనంగా వీడ్కోలు పలికింది. క్యాంప్ నౌ పరిసరాల్లో ఒక వీధికి ఆయన పేరు పెట్టింది.

మేము నేర్చుకున్నది

ఫుట్‌బాల్ మనకు దూరపు ఆట కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశాన్ని నాలుగో స్థానంలో నిలిపిన, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదువాడు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. వచ్చే సంవత్సరం ఈ పేజీలో ఆయన గురించి రాయాలని జూనియర్లను కోరుతున్నాం.

సామి జీవితం చదివాక మాకు తోచింది ఇది. 1936లో సొంత ఊరు విడిచి పారిపోయిన మనిషికి నీస్ అనే పరాయి పట్టణం చోటిచ్చింది. పద్నాలుగేళ్ళ తరువాత, ఇల్లూ దేశమూ లేని మరొకడు తన ఊరికి వస్తే ఆ మనిషే ఎదురెళ్ళి చోటిప్పించాడు. నీస్ రోజులు మనసులో పెట్టుకునే అలా చేశాడని మేము రుజువు చూపలేం. కానీ మనం మొదటిరోజు ట్రంకు పెట్టెతో గేటు దగ్గర ఏడుస్తూ నిలబడినప్పుడు ఏ అన్న వచ్చి పెట్టె పట్టుకున్నాడో మనకు గుర్తుంది. మరుసటి జూన్‌లో కొత్త పిల్లవాడి పెట్టె మనమే పట్టుకున్నాం. అందుకని మేము అలాగే నమ్ముతున్నాం.

రెండోది, వెళ్ళిపోయినవాడు శత్రువు కాడు. సామి వెళ్ళిపోయినప్పుడు బార్సిలోనా తలుపు శాశ్వతంగా మూసేసి ఉంటే, 1945 లీగ్ లేదు, కుబాలా రాడు. మన హాస్టల్లో ఎవరూ శాశ్వతంగా ఉండరు. పదో తరగతి అయ్యాక మేమూ వెళ్ళిపోవలసినవాళ్ళమే. సీటు వచ్చినచోటికి, పని దొరికినచోటికి వెళతాం. అప్పుడు మనల్ని ఎవరైనా వెక్కిరిస్తే ఎలా ఉంటుంది?

ఈ వ్యాసం పూర్తిచేసిన రోజు మేమంతా కలిసి ఆ అబ్బాయికి ఒక ఉత్తరం రాశాం. ఆ రోజు ముఖం తిప్పుకున్నందుకు క్షమించమన్నాం. వార్షికోత్సవం నాడు సాయంత్రం పాత విద్యార్థులకూ మాకూ జరిగే మ్యాచ్‌కు రమ్మని పిలిచాం. ఏ జట్టులో ఆడతాడో అతడి ఇష్టం. నడిమి స్థానం మాత్రం అతడి కోసం రెండు వైపులా ఖాళీగా ఉంచాం.



– ఆటల కమిటీ విద్యార్థులు